దొంగకన్నా ముందు తలుపు తట్టి చూద్దాం: నెట్‌వర్క్ పెనెట్రేషన్ టెస్టింగ్‌లో తొలి పాఠం

2017 మే 12, శుక్రవారం. బ్రిటన్ ఆసుపత్రుల్లో కంప్యూటర్ తెరలు ఒకదాని వెంట ఒకటి ఎర్రబడసాగాయి. ఫైళ్లన్నింటికీ తాళం పడిందనీ, అది తీయాలంటే బిట్‌కాయిన్ల రూపంలో డబ్బు కట్టాలనీ చెప్పే సందేశం తప్ప వాటిపై ఇంకేమీ కనిపించలేదు. వానాక్రై అనే ఆ రాన్సమ్‌వేర్ కొద్ది రోజుల్లోనే సుమారు 150 దేశాలకు పాకింది. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి.

ఇంతా చేసి, వానాక్రై ఎవరూ ఊహించని దారిలో రాలేదు. విండోస్ కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఫైళ్లు, ప్రింటర్లు పంచుకోవడానికి ఎస్‌ఎంబీ అనే ఏర్పాటును వాడతాయి. అది 445 నంబరు పోర్టు దగ్గర కాచుకుని ఉంటుంది. అందులో ఉన్న ఒక లోపాన్ని పట్టుకుని వానాక్రై ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి తనంతట తానే పాకింది. ఆ లోపాన్ని సరిచేసే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే విడుదల చేసింది. అంటే దాడికి 59 రోజుల ముందు.

బ్రిటన్ జాతీయ ఆడిట్ కార్యాలయం అదే ఏడాది అక్టోబరులో ఇచ్చిన నివేదికలో ఇంతకన్నా ఇబ్బంది పెట్టే సంగతి ఒకటి ఉంది. ఇంగ్లండ్‌లోని 236 ఆసుపత్రి ట్రస్టుల్లో కనీసం 80 ఈ దాడికి దెబ్బతిన్నాయి. దాడికి ముందే 88 ట్రస్టుల్లో భద్రతా తనిఖీలు జరిగాయి. వాటిలో ఒక్కటి కూడా ఉత్తీర్ణం కాలేదు. కానీ తనిఖీ చేసిన సంస్థకు లోపాలు సరిదిద్దుకోమని గట్టిగా చెప్పే అధికారం లేదు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు అని మనం అంటూ ఉంటాం. ఇక్కడ కుక్క ముందే మొరిగింది. లేచి చూసినవారే లేరు.

పెనెట్రేషన్ టెస్టింగ్ నేర్చుకోవాలని ఉత్సాహపడే విద్యార్థులు చాలామంది నల్లటి తెర మీద పరుగెత్తే ఆకుపచ్చ అక్షరాలను ఊహించుకుంటారు. ఆ పని మొదట్లో ఒక కాగితం, చివర్లో ఇంకో కాగితం ఉంటాయి. మొదటిది అనుమతి పత్రం, రెండోది నివేదిక. ఈ రెండింటి మధ్య జరిగేదాన్నే పెనెట్రేషన్ టెస్టింగ్ అంటారు. కాగితాలు లేకుండా అదే పని చేస్తే దాని పేరు చొరబాటు.

పాత ఆలోచనే

ఒక నెట్‌వర్క్‌లోకి దాడి చేసేవాడు ఎలా రాగలడో, అతడి పద్ధతులతోనే, యజమాని ఒప్పుకోలుతో ప్రయత్నించి చూడటమే ఈ పరీక్ష. కంప్యూటర్లను ఒకేసారి అనేకమంది పంచుకోవడం మొదలైన తొలి దశాబ్దాల్లోనే అమెరికా సైన్యం టైగర్ టీములు అనే పేరుతో ఇలాంటి బృందాలను వాడింది. 1993లో డాన్ ఫార్మర్, వీట్సా వెనెమా అనే ఇద్దరు నిపుణులు మీ సైటులోకి మీరే చొరబడి దాని భద్రత పెంచుకోండి అనే అర్థం వచ్చే శీర్షికతో ఒక వ్యాసం రాశారు. అప్పట్లో అది చాలామందికి మింగుడుపడలేదు. దొంగలకు పాఠాలు చెబుతున్నారా అన్నారు. ఈ ప్రశ్న నేటికీ వినిపిస్తుంది. దొంగలకు ఆ పాఠం అప్పటికే వచ్చు. రానిది ఇంటివారికే.

ముందు అనుమతి

మన ఐటీ చట్టం, 2000లోని 43వ సెక్షన్ ప్రకారం యజమాని లేదా బాధ్యుడి అనుమతి లేకుండా ఒక కంప్యూటర్‌లోకి గాని, నెట్‌వర్క్‌లోకి గాని ప్రవేశిస్తే నష్టపరిహారం చెల్లించాల్సి రావచ్చు. అదే పని మోసపూరితంగా, దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లేదా ఐదు లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడతాయి. ప్రభుత్వం రక్షిత వ్యవస్థలుగా ప్రకటించిన వాటి జోలికి వెళితే 70వ సెక్షన్ ప్రకారం శిక్ష పదేళ్ల దాకా ఉంటుంది. అక్కడ ప్రవేశించకపోయినా, ప్రవేశించడానికి ప్రయత్నించినా నేరమే. సరదాకి చూశాను అనే మాట వీటిలో దేనికీ జవాబు కాదు.

కాలేజీ వైఫై మీది కాదు. హాస్టల్‌ది కాదు. అపార్ట్‌మెంటులో పది కుటుంబాలు పంచుకునే కనెక్షన్ కూడా మీ ఒక్కరిది కాదు. ఊళ్లో బ్యాంకు వెబ్‌సైటు బాగుందో లేదో చూసిపెడదాం అనుకోవడం పక్కింటివాళ్లు ఊరెళ్లినప్పుడు వాళ్ల తాళం లాగి చూడటంలాంటిదే. కీలక నెట్‌వర్కులను లక్ష్యంగా చేసుకుని స్కాన్ చేయడాన్ని కూడా తమకు 6 గంటల్లోగా తెలియజేయాల్సిన ఘటనల్లో ఒకటిగా సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో చేర్చింది. దేశంలో సైబర్ ఘటనలపై స్పందించే జాతీయ సంస్థ అదే.

నోటిమాట అనుమతి చాలదు. ఒక చిన్న నర్సింగ్ హోమ్ తన నెట్‌వర్క్‌ను పరీక్షించమని అడిగిందనుకుందాం. కాగితం మీద ఏముండాలి? ఏయే ఐపీ చిరునామాలను తాకవచ్చో స్పష్టంగా ఉండాలి. వేటిని తాకకూడదో ఇంకా స్పష్టంగా ఉండాలి. రక్తపరీక్షల యంత్రానికి తగిలించిన పాత కంప్యూటర్‌ను ఆ రెండో జాబితాలో మొదట రాయాలి. పాత పరికరాలు, ప్రింటర్లు మామూలు స్కాన్‌కే తట్టుకోలేక ఆగిపోయే సందర్భాలుంటాయి. రోగి నమూనా లోపల ఉండగా ఆ యంత్రం ఆగితే మీ పరీక్షే ఒక దాడి అవుతుంది. ఏ రోజు, ఏ వేళ చేయాలి, ఏదైనా తేడా వస్తే అర్ధరాత్రి అయినా ఎవరికి ఫోన్ చేయాలి, దొరికిన సమాచారాన్ని ఎప్పుడు చెరిపేయాలి అన్నవి కూడా రాసుకోవాలి. నర్సింగ్ హోమ్ వెబ్‌సైటు వేరే కంపెనీ సర్వర్ మీద ఉంటే, ఆ కంపెనీ నియమాలను కూడా చూడాలి. సంతకం చేసే వ్యక్తికి ఆ అధికారం ఉందా అన్నది చాలామంది అడగడం మరిచిపోయే ప్రశ్న.

సొంత ల్యాప్‌టాప్‌లోనే ప్రయోగశాల

నేర్చుకునేవారికి ఇవన్నీ అక్కర్లేని చోటు ఒకటి ఉంది. మీ ల్యాప్‌టాప్. వర్చువల్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుంటే ఒకే యంత్రంలో ఇంకో రెండు కంప్యూటర్లు ఉన్నట్టు నడిపించవచ్చు. 8 జీబీ ర్యామ్ ఉంటే సరిపోతుంది. మొదటి వర్చువల్ మెషీన్‌లో కాలీ లినక్స్ వేయాలి. 2013 నుంచి అందుబాటులో ఉన్న ఈ ఆపరేటింగ్ సిస్టమ్‌లో పరీక్షకు కావలసిన పనిముట్లు ముందే అమర్చి ఉంటాయి. రెండో దానిలో మెటాస్‌ప్లాయిటబుల్ 2. ఇది నేర్చుకునేవారి కోసం కావాలనే లోపాలతో నింపి తయారుచేసిన లినక్స్ యంత్రం. ఈత నేర్చుకునేవారికి నడుములోతు నీళ్లున్న బావిలాంటిది.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. రెండు యంత్రాల నెట్‌వర్క్ అమరికను హోస్ట్-ఓన్లీగా పెట్టాలి. అప్పుడు అవి ఒకదానితో ఒకటి, మీ ల్యాప్‌టాప్‌తో తప్ప బయట దేనితోనూ మాట్లాడవు. బ్రిడ్జ్‌డ్ అనే అమరికలో పెడితే, ఇన్ని లోపాలున్న యంత్రాన్ని తెచ్చి ఇంటి వైఫై మధ్యలో కూర్చోబెట్టినట్టే. మొదటిసారి చేసేవారు తరచూ ఇక్కడే పొరబడతారు.

హోస్ట్-ఓన్లీలో వర్చువల్‌బాక్స్ మామూలుగా 192.168.56తో మొదలయ్యే చిరునామాలు ఇస్తుంది. లక్ష్యం యంత్రానికి 192.168.56.101 వచ్చిందనుకుందాం.

తలుపు తట్టడం అంటే

ఒక కంప్యూటర్‌కు ఐపీ చిరునామా భవనం నంబరు అయితే, పోర్టులు ఆ భవనంలోని గదుల నంబర్లు. టీసీపీ పద్ధతిలో ఈ నంబర్లు 65,535 దాకా ఉంటాయి. వెబ్‌సైట్లకు 80, 443, ఫైళ్ల బదిలీకి 21, దూరం నుంచి సురక్షితంగా లాగిన్ కావడానికి 22 వాడుకలో ఉన్నాయి. ఈ 22 వెనుక చిన్న కథ ఉంది. 1995లో ఎస్‌ఎస్‌హెచ్‌ను తయారుచేసిన ఫిన్లండ్ పరిశోధకుడు టాటు యులోనెన్, తన ఏర్పాటు 21లో ఉన్న ఎఫ్‌టీపీకీ 23లో ఉన్న టెల్‌నెట్‌కూ బదులుగా నిలవాలనుకున్నాడు. మధ్యలో 22 ఖాళీగా ఉంటే అడిగి తీసుకున్నాడు.

ఏ గదిలో ఎవరున్నారో తెలుసుకునే పనిముట్టు ఎన్‌మ్యాప్. గోర్డన్ లయన్ అనే ప్రోగ్రామర్ ఫ్యోడోర్ అనే మారుపేరుతో 1997లో దీన్ని విడుదల చేశాడు. ఇప్పటికీ ఈ రంగంలో చాలామంది పని దీనితోనే మొదలవుతుంది. అది చేసేది అర్థం కావాలంటే రెండు కంప్యూటర్లు మాట కలిపే తీరు తెలియాలి.

ఫోన్ సంభాషణనే తీసుకోండి. ఇటు నుంచి హలో, ఉన్నారా అంటాం. అటు నుంచి ఆఁ ఉన్నాను, మీకు వినిపిస్తోందా అంటారు. వినిపిస్తోంది అని మనం అన్నాక అసలు మాటలు మొదలవుతాయి. టీసీపీలో కూడా ఇలాగే మూడు పలకరింపులు ఉంటాయి. మొదటిది సిన్, జవాబు సిన్-యాక్, మూడోది యాక్. ఎన్‌మ్యాప్ ఒక పోర్టుకు సిన్ పంపుతుంది. సిన్-యాక్ వస్తే అక్కడ ఎవరో ఉన్నారు, పోర్టు తెరిచి ఉంది. రీసెట్ అనే జవాబు వస్తే యంత్రం ఉంది గాని ఆ పోర్టు మూసి ఉంది. ఈ నంబరు వాడుకలో లేదు అని ఫోన్‌లో వినిపించడంలాంటిది. అసలు ఏ జవాబూ రాకపోతే మధ్యలో ఫైర్‌వాల్ లాంటిది ఏదో మన పలకరింపును మింగేసి ఉండవచ్చు. దీన్ని ఫిల్టర్డ్ అంటారు.

తగిన హక్కులతో నడిపితే ఎన్‌మ్యాప్ మూడో పలకరింపు దాకా పోదు. అవతలివాళ్లు ఉన్నాను అనగానే రీసెట్ పంపి ఫోన్ పెట్టేస్తుంది. సంభాషణ పూర్తికాలేదు కాబట్టి పాతకాలపు ప్రోగ్రాములు దాన్ని తమ చిట్టాలో రాసుకునేవి కావు. ఈ రోజుల్లోని నిఘా ఏర్పాట్లు మాత్రం ఇట్టే పట్టేస్తాయి. ఎవరికీ తెలియదులే అన్న నమ్మకంతో బయటి యంత్రాల మీద దీన్ని ప్రయోగించేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. బయటి యంత్రం మీద ఒకసారి చూడాలనే కోరిక ఉంటే, ఎన్‌మ్యాప్ బృందమే ఆ పని కోసం స్కాన్‌మీ అనే పేరుతో ఒక సర్వర్‌ను ఉంచి, పరిమితంగా స్కాన్ చేసుకోవడానికి అనుమతి ఇచ్చింది.

ఇప్పుడు కాలీలో ఎన్‌మ్యాప్ అని రాసి, పక్కన లక్ష్యం చిరునామా ఇవ్వండి. మామూలుగా అది ఎక్కువ వాడుకలో ఉన్న 1000 పోర్టులనే చూస్తుంది. మెటాస్‌ప్లాయిటబుల్ మీద వాటిలో 23 తెరిచి ఉన్నట్టు చూపిస్తుంది. మిగతా 64 వేల పైచిలుకు పోర్టులను చూడనేలేదన్న సంగతి కొత్తవారికి తట్టదు. అన్నింటినీ చూడమని విడిగా చెప్పాలి. ముందు తలుపుకు తాళం వేసితిని, గొళ్ళెం మరిచితిని అన్నట్టు ఉండే లోపాలు ఎక్కువగా ఆ మిగతావాటిలోనే, ఎవరో ఎప్పుడో పరీక్షకని తెరిచి మరిచిపోయిన పోర్టుల్లో ఉంటాయి.

పేరులో భద్రత

తెరిచి ఉన్న పోర్టు తప్పు కాదు. వెబ్‌సైటు నడవాలంటే 443 తెరిచి ఉండాల్సిందే. అక్కడ కూర్చున్న ప్రోగ్రాము ఏది, ఏ వెర్షన్ అన్నదే తర్వాతి ప్రశ్న. ఎన్‌మ్యాప్‌కు వెర్షన్లు కూడా కనుక్కోమని చెబితే 21వ పోర్టు దగ్గర వీఎస్‌ఎఫ్‌టీపీడీ 2.3.4 అని చూపిస్తుంది. మొదటి రెండు అక్షరాలకు అర్థం చాలా భద్రమైన అని.

2011 జులై మొదట్లో ఈ ప్రోగ్రాము అసలు సైటులో ఉంచిన 2.3.4 ఫైలును ఎవరో మార్చేశారని బయటపడింది. దించుకున్నవారికి తెలియకుండా అందులో ఒక దొడ్డిదారి ఉంది. యూజర్ పేరు చివర :) అనే నవ్వుముఖం గుర్తు ఇస్తే చాలు, ఆ యంత్రంలో 6200 నంబరు పోర్టు తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ అడగకుండా సర్వాధికారాలూ చేతికొస్తాయి. రచయిత చేసిన డిజిటల్ సంతకంతో సరిచూసుకున్నవారికి ఆ ఫైలు అసలుది కాదని తేలిపోయేది. సరిచూసేవారు తక్కువ. కాలీ లినక్స్ దించుకున్నప్పుడు దాని సైటులో ఇచ్చిన చెక్‌సమ్‌తో పోల్చి చూశారా? లేదంటే ఇప్పుడైనా చూడండి.

మీ ప్రయోగశాలలో ఈ దొడ్డిదారిని తెరిచి చూడవచ్చు. 6200కు కనెక్ట్ అయి నేనెవరు అని అడిగే కమాండ్ ఇస్తే రూట్ అని జవాబు వస్తుంది. మొదటిసారి ఈ మాట చూసినప్పుడు కలిగే ఉత్సాహం సహజమే. ఆ క్షణంలో కంప్యూటర్ మన పరీక్షల వల్ల ఎలా మారిందో గమనించడం ఎక్కువ ఉపయోగకరం. మొదటి స్కాన్‌లో 6200 తెరిచి లేదు. ఇప్పుడు ఉంది. స్కాన్ అన్నది ఆ నిమిషంలో తీసిన ఫోటో మాత్రమే.

వెర్షన్ నంబరు చూసి వెంటనే తీర్పు ఇవ్వడం కూడా ప్రమాదమే. చాలా లినక్స్ సంస్థలు పాత వెర్షన్ నంబరును అలాగే ఉంచి లోపల ప్యాచ్ మాత్రం వేస్తాయి. పైకి పాతదిగా కనబడేది నిజానికి సరిచేసినదే కావచ్చు. ఆటోమేటిక్ స్కానర్లు ఇలాంటివి పదుల కొద్దీ లోపాలుగా చూపిస్తాయి. వాటిని ఒక్కొక్కటిగా సరిచూసి నిజమైనవి వేరుచేసే ఓపికకే పరీక్షకుడికి జీతం ఇస్తారు. స్కానర్ ఇచ్చిన జాబితాను అట్టవేసి పంపే పనిని పెనెట్రేషన్ టెస్టింగ్ అని పిలవడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు, అలా చేసేవారు తక్కువేమీ కాకపోయినా.

ఇక కొన్ని చోట్ల ప్రోగ్రాములో లోపం వెతకాల్సిన అవసరమే ఉండదు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ సుమారు 60 యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలతోనే లక్షల కెమెరాలు, డీవీఆర్‌లు, రౌటర్లను చేజిక్కించుకుంది. అవన్నీ పరికరం పెట్టెలో వచ్చినప్పటి పాస్‌వర్డులే. మన నర్సింగ్ హోమ్‌లో సీసీటీవీ బిగించిన మనిషి పాస్‌వర్డ్ మార్చాడా? ఆ ప్రశ్న అడగడానికి కాలీ లినక్స్ అక్కర్లేదు.

చివరి కాగితం

ఒక దారి దొరికాక ఎంత దూరం వెళ్లాలి? లోపం ఉందని రుజువయ్యేంత వరకే. రోగుల పేర్లున్న ఫోల్డర్ తెరుచుకుంటుందని చూపడానికి ఫోల్డర్ పేరు కనిపించే ఒక చిత్రం చాలు. లోపలి రిపోర్టులు చదవాల్సిన పని లేదు, కాపీ చేసుకోవాల్సిన పని అసలే లేదు. చేసిన ప్రతి పనినీ సమయంతో సహా రాసిపెట్టుకోవాలి. అదే రాత్రి నెట్‌వర్క్‌లో ఇంకేదైనా జరిగితే అది మీ వల్లనా కాదా అని తేల్చేది ఆ నోట్సే.

నివేదికలో లోపాల తీవ్రతను సీవీఎస్‌ఎస్ అనే కొలతతో 0 నుంచి 10 దాకా ఇస్తారు. ఈ అంకె ఉపయోగపడుతుంది గాని దాన్నే నమ్ముకోకూడదు. దేనికీ కలపని మూల గదిలోని యంత్రంలో 9.8 లోపం కన్నా, బిల్లింగ్ కంప్యూటర్‌లోని 6 ముందు సరిచేయాల్సినది కావచ్చు. ఆ తేడా చెప్పేది మనిషే.

రాసే భాష కూడా ముఖ్యం. 445 పోర్టులో ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్ నడుస్తోంది, తీవ్రత అధికం అని రాస్తే నర్సింగ్ హోమ్ డాక్టరుకు ఏమీ అర్థం కాదు. అదే ఇలా రాస్తే: రిసెప్షన్‌లోని రెండు కంప్యూటర్లకు 2017లో వచ్చిన విండోస్ ప్యాచ్ వేయలేదు. ఎవరైనా వైరస్ ఉన్న పెన్‌డ్రైవ్ పెడితే అక్కడి నుంచి ల్యాబ్ కంప్యూటర్‌కు ఎవరి ప్రమేయం లేకుండా పాకవచ్చు. అలా జరిగితే ఆ రోజు రిపోర్టులు ఇవ్వలేరు. ప్యాచ్ వేయాలి. ల్యాబ్ యంత్రానికి ప్యాచ్ లేదు కాబట్టి దాన్ని రిసెప్షన్ నెట్‌వర్క్ నుంచి విడదీయాలి. ఈ పని ఎవరు చేస్తారు, ఏ తేదీలోగా? చివరి ప్రశ్న పక్కన ఒక పేరు, ఒక తేదీ రాయించుకోకుండా నివేదిక అప్పగించకూడదు. ఇంగ్లండ్‌లో 88 తనిఖీల తర్వాత కూడా లేకపోయింది ఈ ఒక్క గడే.

ఇంకా ముందుకు వెళ్లాలనుకునేవారు దాడి పనిముట్ల కన్నా ముందు నెట్‌వర్కింగ్, లినక్స్ నేర్చుకోవాలి. ఐపీ చిరునామా ఎలా వస్తుందో, రౌటర్ ఏం చేస్తుందో చెప్పలేనివారికి ఎన్‌మ్యాప్ తెర మీద కనిపించేది అంకెల వరుసే. హైదరాబాద్‌లోని సీడాక్ కేంద్రం ఈ రంగంలో శిక్షణ ఇస్తోంది. అవగాహన సామగ్రినీ అందిస్తోంది. ఎక్కడైనా అనుకోకుండా ఒక లోపం కంటపడితే, లోపలికి వెళ్లి చూడకుండా అక్కడే ఆగి ఆ సంస్థకు గాని, సెర్ట్-ఇన్‌కు గాని తెలియజేయవచ్చు.

నివేదిక ఇచ్చాక పరీక్షకుడికి ఇంకొక్క పని మిగులుతుంది. ఒప్పుకున్న తేదీ దాటాక, మళ్లీ అనుమతి తీసుకుని, రిసెప్షన్ వైపు నుంచి ల్యాబ్ కంప్యూటర్ మీద అదే స్కాన్‌ను అదే చిరునామాతో నడపాలి. ఇంతకు ముందు 445కు ఎదురుగా తెరిచి ఉంది అని కనిపించిన చోట ఈసారి ఫిల్టర్డ్ అని వస్తే, నివేదికలో ఆ వరుస పక్కన తేదీ వేసి సంతకం చేస్తాడు. రాకపోతే కాగితం మీద పేరున్న వ్యక్తికి ఫోన్ చేస్తాడు.